నెల తప్పి నొప్పితో, బ్లీడింగ్‌తో వచ్చిన పేషెంట్‌కి క్యాజువాలిటీ స్కాన్: ప్రోబ్ ఎక్కడ పెట్టాలి, ఏం చూడాలి, ఎక్కడ మోసపోతాం

క్యాజువాలిటీలో ప్రోబ్ పట్టుకున్నప్పుడు మన ప్రశ్న ఒక్కటే: గర్భం గర్భసంచిలోనే ఉందా, అది నా కళ్ళకి కనపడిందా? అంతే. ఎక్టోపిక్ (గర్భసంచి బయట నిలిచిన గర్భం) ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మన పని కాదు, ఓవరీ కొలతలు, ఫైబ్రాయిడ్ సైజులు అసలే కాదు, అవి రేడియాలజీ వాళ్ళు తీరిగ్గా చూసుకుంటారు. సంచిలో ఉన్నట్టు ఖాయంగా కనపడితే పెద్ద గండం దాదాపు గడిచినట్టే, కనపడకపోతే మాత్రం "ఏమీ లేదు" అని కాదు, "నాకు కనపడలేదు" అని అర్థం. ఈ రెండు మాటలకి తేడా పట్టించుకోక నేనే ఒకసారి బోల్తా పడ్డా, అది కింద చెప్తా.

ఇది డ్యూటీ డాక్టర్లకి, ఎమర్జెన్సీ పీజీలకి రాస్తున్నా. 12 వారాల్లోపు ప్రెగ్నెన్సీ, పొత్తికడుపు నొప్పి గానీ బ్లీడింగ్ గానీ కళ్ళు తిరిగి పడిపోవడం గానీ, ఈ మూడింట్లో ఏదున్నా ఇదే వరస.

ప్రోబ్ ముట్టుకోకముందు

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడమనిషి కడుపునొప్పితోనో కళ్ళు తిరిగో వస్తే యూపీటీ (యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్) చెయ్యాల్సిందే. "డేట్ మొన్ననే అయింది సార్" అన్నా చెయ్యండి, ఎక్టోపిక్‌లో వచ్చే బ్లీడింగ్‌నే చాలామంది నెలసరి అనుకుంటారు. అటెండర్లని బయట నిలబెట్టి, సిస్టర్ ఒక్కరే పక్కన ఉండగా అడగండి, అత్తగారి ముందు, అన్నయ్య ముందు ఎవరూ నిజం చెప్పరు. షాక్‌లో ఉన్న పేషెంట్‌కి యూరిన్ రాదు కాబట్టి దానికోసం గంట కూర్చోవద్దు, బ్లడ్ శాంపిల్ ఎలాగూ తీస్తున్నాం, సీరం బీటా హెచ్‌సీజీ (రక్తంలో ప్రెగ్నెన్సీ హార్మోన్ టెస్ట్) పంపించి మీరు స్కాన్ మొదలుపెట్టెయ్యండి.

మన దగ్గర తప్పకుండా అడగాల్సినవి నాలుగున్నాయి. ఒకటి, ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ అయిందా. అయితే మనసు ఇంకా అలర్ట్ అవ్వాలి గానీ రిలాక్స్ అవ్వకూడదు, ఎందుకంటే ట్యూబెక్టమీ తర్వాత గర్భం రావడమే అరుదు, కానీ వస్తే దాదాపు మూడింట ఒకటి ట్యూబులోనే ఉంటుంది, పైగా ఏపీ, తెలంగాణల్లో ట్యూబెక్టమీలు ఎంత ఎక్కువో మనకి తెలిసిందే. రెండు, సిజేరియన్లు ఎన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఏపీలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే అని లెక్క తేలింది, అంటే పాత కుట్టు మీద గర్భం కూర్చునే కేసు ఏదో పుస్తకాల్లో ఉండేది కాదు, మన టేబుల్ మీదకే వస్తుంది. మూడు, మెడికల్ షాపులో అబార్షన్ టాబ్లెట్లు తెచ్చుకుని వేసుకున్నారా. నాలుగు, ఐవీఎఫ్ ఏమైనా చేయించుకున్నారా. నాలుగోది ఎందుకో తర్వాత చెప్తా.

ఈలోపు సిస్టర్‌తో రెండు లావు క్యాన్యులాలు పెట్టించండి, 16 గానీ 18 గానీ, గ్రూపింగ్‌కి, క్రాస్ మ్యాచ్‌కి శాంపిల్ పంపండి. మొదటి హీమోగ్లోబిన్ 10.5 వచ్చిందని సంతోషపడొద్దు, అప్పుడే కారుతున్న రక్తం ఆ నంబర్లో కనపడదు. పల్స్‌ని కూడా పూర్తిగా నమ్మకండి, కడుపు నిండా రక్తం ఉండి పల్స్ 80 దగ్గరే ఉన్న వాళ్ళని చూశా.

ఫారం ఎఫ్ సంగతి

వేరే దేశాల వీడియోలు చూసి నేర్చుకునే వాళ్ళకి ఇది తెలీదు. మన దగ్గర 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం, 2003లో సవరించాక పీసీపీఎన్‌డీటీ అంటున్నాం, దాని ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ నింపాలి, మెషీన్ రిజిస్టర్ అయి ఉండాలి, చేసే డాక్టర్‌కి చట్టం అడిగే అర్హత ఉండి పేరు ఆ రిజిస్ట్రేషన్‌లో ఉండాలి. "ఆరు వారాల గర్భంలో ఆడో మగో ఎలా తెలుస్తుంది సార్" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు, నిజమే తెలీదు, కానీ చట్టంలో వారాల మినహాయింపు లేదు. రికార్డుల్లో లోపాన్ని క్లరికల్ తప్పులే అని కొట్టిపారెయ్యడానికి 2019లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. ఫారంలో ఇండికేషన్ల లిస్టులో మొదటిదే మనది, గర్భం లోపలుందా ఎక్టోపికా, వయబిలిటీ ఎలా ఉంది అని, అక్కడ టిక్ పెట్టండి. పేషెంట్ షాక్‌లో ఉంటే ఒకరు స్కాన్ చేస్తుంటే ఇంకొకరు ఫారం రాయాలి, దానికోసం ముందే మెషీన్ ట్రాలీకి ఖాళీ ఫారాలున్న ఒక ఫైల్ వేలాడదీసి పెట్టుకోండి, మేం అలాగే చేస్తాం. మీ పేరు రిజిస్ట్రేషన్‌లో లేకపోతే డ్యూటీ రోజున కాదు, ఇవాళే అడ్మిన్ ఆఫీసుకెళ్ళి ఆ పని చూసుకోండి.

బీపీ తక్కువుంటే ముందు లివర్ దగ్గరికి వెళ్ళండి

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే. యూపీటీ పాజిటివ్ అనగానే ప్రోబ్ తీసుకెళ్ళి పొత్తికడుపు మీద పెట్టి శాక్ (గర్భం పెరిగే తిత్తి) కోసం పది నిమిషాలు వెతుకుతారు, ఆ పది నిమిషాలూ పేషెంట్ లోపల్లోపల కారిపోతూ ఉంటుంది.

కర్విలీనియర్ ప్రోబ్ తీసుకోండి. కుడివైపు చంక మధ్య నుంచి కిందకి గీత గీసినట్టు ఊహించుకుని, పక్కటెముకల చివర్ల దగ్గర, మార్కర్ తల వైపు పెట్టండి. లివర్, దాని కింద కిడ్నీ కనపడతాయి, ఆ రెండింటి మధ్య సందే మోరిసన్స్ పౌచ్. మామూలుగా అక్కడ రెండూ అతుక్కున్నట్టు ఒక తెల్లగీత ఉంటుంది, రక్తం ఉంటే ఆ గీత స్థానంలో నల్లటి పట్టీ వస్తుంది. అక్కడితో ఆపకుండా ప్రోబ్‌ని ఇంకాస్త కిందకి జరిపి లివర్ చివరి కొన దాకా చూడండి, కొద్దిగా ఉన్న రక్తం ముందు ఆ కొన దగ్గరే కనపడుతుంది, పైన చూసి నెగటివ్ అనేసిన వాళ్ళు మిస్ అయ్యేది ఆ రెండు అంగుళాల్లోనే.

ఒకావిడ వచ్చింది, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయి నాలుగేళ్ళు. పొద్దున్నుంచి గ్యాస్ నొప్పి అని ఊళ్ళో ఇంజక్షన్ చేయించుకుని, సాయంత్రం బాత్రూంలో పడిపోతే తీసుకొచ్చారు. పడుకోబెడితే కుడి భుజం నొప్పి అంటోంది, కూర్చోబెట్టమంటోంది. ఆ భుజం నొప్పి అన్న మాటకే నేను ప్రోబ్ అందుకున్నా, కడుపులో రక్తం డయాఫ్రం కిందకి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుంది. ప్రోబ్ పెట్టగానే లివర్‌కీ కిడ్నీకీ మధ్య బొటనవేలంత మందాన నలుపు. గర్భసంచి వైపు ఒకసారి తిప్పి చూశా, ఖాళీ. అప్పుడు యూపీటీ కార్డు మీద రెండో గీత ఇంకా పడుతూనే ఉంది. గైనిక్ వాళ్ళకి ఫోన్‌లో నేను చెప్పింది ఇంతే: "మేడమ్, యూపీటీ పాజిటివ్, యుటెరస్ ఖాళీ, మోరిసన్స్‌లో ఫ్లూయిడ్, బీపీ 80, బ్లడ్ అడిగాను, ఓటీకి షిఫ్ట్ చేస్తున్నా." ఫోన్ ఇలాగే చెయ్యండి, కథంతా చెప్పకండి.

పాజిటివ్ యూపీటీ, ఖాళీ యుటెరస్, మోరిసన్స్‌లో ఫ్లూయిడ్, ఈ మూడూ కలిస్తే ఆపరేషన్ అవసరం పడే అవకాశం చాలా ఎక్కువ. సీటీకి పంపొద్దు, "రేడియాలజీ స్కాన్ రిపోర్టు తెస్తేనే చూస్తాం" అనే వాదనలో పేషెంట్‌ని లిఫ్ట్ ఎక్కించొద్దు. ఓవరీలో ఉండే కార్పస్ లూటియం సిస్ట్ పగిలినా ఇలాగే కనపడొచ్చు, అది లోపల చూసిన సర్జన్ తేలుస్తారు, దానికోసం మీరు ఆగక్కర్లేదు.

ఇప్పుడు పెల్విస్

పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌కి బ్లాడర్ నిండి ఉంటే మంచిది, అది కిటికీ లాంటిది. మన క్యాజువాలిటీల్లో జరిగేదేంటంటే డాక్టర్ వచ్చేలోపు సిస్టర్ ఫోలీ (యూరిన్ ట్యూబు) వేసేసి బ్లాడర్ ఖాళీ చేసేస్తారు, తర్వాత పేగుల్లో గ్యాస్ తప్ప ఏమీ కనపడదు. కాబట్టి ముందే "ఫోలీ ఆగండి సిస్టర్" అని చెప్పండి.

ప్రీసెట్ ఆబ్‌స్టెట్రిక్స్‌కి మార్చండి, అబ్డామిన్‌లో పెట్టి చెయ్యొద్దు, ఆబ్‌స్టెట్రిక్ ప్రీసెట్‌లో సౌండ్ పవర్ తక్కువగా ఉంటుంది. ప్రోబ్‌ని బొడ్డు కింద కాదు, జఘనాస్థి ఎముకకి ఆనించినంత కిందగా పెట్టండి, మార్కర్ తల వైపు. స్క్రీన్ మీద నల్లటి త్రికోణం బ్లాడర్, దాని వెనక బేరిపండు ఆకారంలో యుటెరస్, మధ్యలో తెల్లటి ఎండోమెట్రియం గీత. ఆ గీతని పట్టుకుని సెర్విక్స్ దాకా, అక్కడి నుంచి వెజైనా గీత దాకా వెళ్ళండి. ఈ పని పనికిమాలిన చాదస్తంలా అనిపిస్తుంది గానీ మీరు చూస్తున్న గుండ్రటి వస్తువు నిజంగా యుటెరస్సేనా అని తేల్చేది ఇదే, పక్కన ట్యూబులో పెరిగిన శాక్ చుట్టూ కూడా కాస్త కండలాంటి అంచు కనపడి "ఇదే యుటెరస్" అనిపించిన కేసులున్నాయి.

తర్వాత ప్రోబ్‌ని కదపకుండా మణికట్టుతో కుడి నుంచి ఎడమకి మొత్తం విసనకర్రలా ఊపండి, యుటెరస్ కనపడకుండా పోయేదాకా ఒక పక్క, మళ్ళీ అటు పక్క. ఆ తర్వాత మార్కర్ పేషెంట్ కుడివైపు వచ్చేలా 90 డిగ్రీలు తిప్పి సెర్విక్స్ నుంచి ఫండస్ (యుటెరస్ పైభాగం) దాకా మళ్ళీ ఊపండి. ఒక్క ఫ్రేము చూసి ఎవరూ డిసైడ్ చెయ్యకూడదు.

బ్లాడర్ వెనక భాగం ఎప్పుడూ మరీ తెల్లగా మెరుస్తుంది, యుటెరస్ వెనకున్న కొద్దిపాటి ఫ్లూయిడ్ ఆ తెలుపులో కలిసిపోతుంది, కింది గెయిన్ తగ్గించి చూడండి. పౌచ్ ఆఫ్ డగ్లస్‌లో (యుటెరస్ వెనక సందులో) నల్లగా కొంచెం ఉంటే అది మామూలే కావచ్చు, యుటెరస్ వెనక మూడో వంతు దాటి పైకి వస్తే గానీ, అందులో బూడిదరంగు రవ్వలు తేలుతుంటే గానీ మామూలు కాదు. ఇంకో మాట, గడ్డకట్టిన రక్తం నల్లగా ఉండదు, యుటెరస్ రంగులోనే ఉంటుంది, "ఫ్లూయిడ్ లేదు గానీ యుటెరస్ వెనక ఏదో అర్థంకాని ముద్ద ఉంది" అంటే అదే అయ్యుండొచ్చు.

శాక్ కనపడగానే సంబరపడొద్దు

ఖాయంగా ఇంట్రాయుటెరైన్ అనడానికి కావాల్సింది: ఫండస్ వైపు, చుట్టూ కండ ఉన్న శాక్, అందులో యోక్ శాక్ గానీ ఫీటల్ పోల్ (తొలి దశ పిండం) గానీ. ఉత్త శాక్ చాలదు. యోక్ శాక్ ఎలా ఉంటుందంటే నల్లటి మూకుట్లో ఒక పక్కకి తేలుతున్న చిట్టి గారె లాగా, చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో చిల్లు, అంతా కలిపి 3 నుంచి 5 మిల్లీమీటర్లు. పోల్ కూడా మొదట్లో ఆ గారె అంచుకే అంటుకుని ఉంటుంది, కళ్ళార్పకుండా చూస్తే చిన్న మిణుకు కనపడుతుంది.

ఇప్పుడు నా బోల్తా. ఒకావిడ మెడికల్ షాపు టాబ్లెట్లు వేసుకుని ఎనిమిది రోజులు, బ్లీడింగ్ అవుతూనే ఉంది, కొంచెం నొప్పి. ప్రోబ్ పెట్టా, యుటెరస్ మధ్యలో నల్లగా ఒక మచ్చ. కథ సరిపోయింది కదా అని "శాక్ ఉంది, ఇన్‌కంప్లీట్ అబార్షన్" అని రాసి, పొద్దున గైనిక్ ఓపీకి రమ్మని పంపించేశా. మర్నాడు 108లో వచ్చింది, బీపీ 70. ట్యూబు పగిలింది. బతికింది, అది నా అదృష్టం. నేను చూసింది సూడోశాక్, ఎక్టోపిక్ ఉన్నా హార్మోన్ల వల్ల ఎండోమెట్రియం మందమయ్యి మధ్యలో కాస్త రక్తం నిలుస్తుంది, అది కేవిటీ నడిమధ్యలో, కోసుగా, ఒకటే అంచుతో ఉంటుంది. అసలు శాక్ కాస్త పక్కకి, గుండ్రంగా, తెల్లటి జంట అంచుతో ఉంటుంది అని పుస్తకంలో రాస్తారు గానీ రాత్రి పూట పాత మెషీన్ మీద ఆ తేడా పట్టగలనని నేను ఇప్పటికీ అనుకోను, అందుకే యోక్ శాక్ కనపడందే ఇంట్రాయుటెరైన్ అన్న మాట రాయను. ఆ టాబ్లెట్లు ట్యూబులో ఉన్న గర్భం మీద పనిచెయ్యవు, కానీ బ్లీడింగ్ మాత్రం తెప్పిస్తాయి, పేషెంట్ "పని అయిపోయింది" అనుకుంటుంది, మనమూ అలాగే అనుకుంటాం.

లోపల యోక్ శాక్ కనపడ్డాక కూడా రెండు చూడాలి. శాక్ చుట్టూ కండ మందం అన్ని వైపులా కొలవండి, ఎక్కడైనా 8 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే అనుమానించండి, 5 కంటే తక్కువైతే ఇంటర్‌స్టీషియల్ ఎక్టోపిక్ (ట్యూబు గర్భసంచి గోడలోంచి వెళ్ళే చోట కూర్చున్న గర్భం) అనుకునే గైనిక్‌ని పిలవండి, అది ఆలస్యంగా పగులుతుంది, పగిలితే రక్తం ఆగదు. రెండోది, శాక్ కిందగా, ముందువైపు, బ్లాడర్‌కి ఆనుకుని ఉందా? సిజేరియన్ అయిన మనిషికి బ్లాడర్‌కీ శాక్‌కీ మధ్య కండ పల్చగా ఉంటే అది స్కార్ ప్రెగ్నెన్సీ కావచ్చు. దాన్ని "జారిపోతున్న అబార్షన్" అనుకుని డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చెయ్యడం) చేస్తే బ్లీడింగ్ ఆపడం నరకం. అబార్షన్ అయిపోతున్న శాక్ ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే కదులుతుంది, స్కార్ మీద అతుక్కున్నది కదలదు, ఇది పనికొచ్చే గుర్తే గానీ దాని మీద ఒక్కదాని మీదే నిలబడొద్దు.

హార్ట్ బీట్, వారాలు

మిణుకు కనపడితే ఎం-మోడ్ గీత దాని మీద పెట్టి కొలవండి. పల్స్ డాప్లర్ నొక్కొద్దు, ఆ వయసు పిండానికి అంత ఎనర్జీ అక్కర్లేదు, తల్లికి "గుండె చప్పుడు" వినిపించాలనే సరదా ఇక్కడ వద్దు. ఆరో వారంలో నిమిషానికి 100 పైన, తర్వాత 120 నుంచి 180 మధ్య ఉంటుంది. వారాలకి నోటి లెక్క: సీఆర్ఎల్ (పిండం తల నుంచి పిరుదుల దాకా పొడవు) మిల్లీమీటర్లకి 42 కలిపితే రోజులు. 10 మిల్లీమీటర్లుంటే 52 రోజులు, ఏడు వారాల మూడు రోజులు.

బీట్ కనపడకపోతే "బేబీ పోయింది" అని మీ నోటితో చెప్పొద్దు. సీఆర్ఎల్ 7 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి బీట్ లేకపోతే, లేదా శాక్ సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు గానీ ఆపైన గానీ ఉండి పిండం లేకపోతే అప్పుడు ఫెయిల్ అయిన ప్రెగ్నెన్సీ అంటారు, అదీ టీవీఎస్‌లో (యోని లోపలి నుంచి చేసే స్కాన్‌లో) చూసి. పొట్ట మీద నుంచి మన ప్రోబ్‌తో తేల్చే విషయం కాదు. "ఇంకా చిన్నగా ఉందమ్మా, స్పష్టంగా కనపడట్లేదు, వారం పది రోజుల్లో మళ్ళీ చూద్దాం" అనండి, నిజం కూడా అదే.

ఏమీ కనపడకపోతే

పొట్ట మీద నుంచి శాక్ కనపడటానికి ఐదున్నర ఆరు వారాలైనా కావాలి, టీవీఎస్‌లో దాదాపు వారం ముందే కనపడుతుంది. కాబట్టి తర్వాతి అడుగు టీవీఎస్. మీకు ట్రైనింగ్ ఉండి, ప్రోబ్ ఉండి, దాన్ని సరిగ్గా డిస్‌ఇన్‌ఫెక్ట్ చేసే ఏర్పాటుంటే చెయ్యండి, లేకపోతే గైనిక్ వాళ్ళకో రేడియాలజీకో వదిలెయ్యండి. చేసేటప్పుడు బ్లాడర్ ఖాళీ, పక్కన ఆడ స్టాఫ్ తప్పనిసరి, ఏం చేస్తున్నామో పేషెంట్‌కి చెప్పి ఒప్పుకున్నాకే, కండోమ్ లోపల గెల్ వేసి గాలి బుడగలు లేకుండా తొడగాలి.

బీటా హెచ్‌సీజీ రిపోర్టు చూసి స్కాన్ చెయ్యాలా వద్దా అని డిసైడ్ చేసే అలవాటు మానెయ్యండి. "600 ఏ కదా, ఏం కనపడుతుంది, రేపు చూద్దాం" అంటారు, 600 ఉన్న ట్యూబు కూడా పగులుతుంది. 3500 దాటాక టీవీఎస్‌లో సంచి ఖాళీగా ఉంటే అనుమానం బాగా పెరుగుతుంది, అంతవరకే ఆ నంబర్ పని. స్టేబుల్‌గా ఉంటే 48 గంటల తర్వాత మళ్ళీ, అదే ల్యాబ్‌లో. మొదటి విలువ 1500 లోపుంటే మామూలు గర్భంలో కనీసం 49 శాతం పెరగాలి, అంతకంటే తక్కువ పెరిగితే తేడా ఉన్నట్టే, సరిగ్గా పెరిగినా ఎక్టోపిక్ కాదని గ్యారంటీ లేదు.

ఐవీఎఫ్ ఎందుకు అడగమన్నానంటే, మామూలుగా లోపల ఒకటి, ట్యూబులో ఒకటి ఉండటం 30,000లో ఒకరికి అంటారు, ఐవీఎఫ్‌లో అది ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి వాళ్ళకి లోపల గర్భం కనపడినా మన ప్రశ్న తీరినట్టు కాదు, ట్యూబుల సంగతి గైనిక్ చూడాల్సిందే.

పంపేటప్పుడు

బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డీ ఇంజక్షన్ గురించి గైనిక్‌ని అడిగి రాయండి, ఇవ్వాలనుకుంటే 72 గంటల్లోపు. నోట్స్‌లో "స్కాన్ నార్మల్" అని రాయకండి, "ఇంట్రాయుటెరైన్ ప్రెగ్నెన్సీ కనపడలేదు, లొకేషన్ తెలియదు, ఫ్రీ ఫ్లూయిడ్ లేదు" అని మూడు ముక్కలూ రాయండి, ఇమేజ్ సేవ్ చెయ్యండి.

లొకేషన్ తెలియని పేషెంట్‌ని ఇంటికి పంపాలా అన్నది స్క్రీన్ మీద ఉండదు. ఇల్లు హాస్పిటల్ వెనక వీధిలోనా, లేక రాత్రి బస్సు లేని 40 కిలోమీటర్ల అవతల తండాలోనా, ఇంట్లో ఫోన్ చేసే మనిషి ఉన్నారా, ఇవి అడగండి, రెండోదైతే బెడ్ లేకపోయినా అబ్జర్వేషన్‌లో పెట్టుకోండి. పంపితే మాత్రం ఆవిడకీ, కూడా వచ్చిన మనిషికీ ఇద్దరికీ చెప్పండి: నొప్పి పెరిగినా, కళ్ళు తిరిగినా, భుజం లాగినా గ్యాస్ టాబ్లెట్ వెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. చెప్పాక "ఇప్పుడు నేనేం చెప్పానో మీరు చెప్పండమ్మా" అని తిరిగి చెప్పించుకోండి, రెండో టెస్టు తేదీ, టైము చీటీ మీద పెద్దక్షరాల్లో తెలుగులో రాసి చేతిలో పెట్టండి.